మృగశిర వచ్చింది, ఇంజక్షన్ ఎవరు నేర్పుతారు?

మృగశిర కార్తె పెట్టిందంటే ఈ పేజీకి వచ్చే ఉత్తరాల్లో సగం చేపల ఉత్తరాలే. తినేవాళ్ళకి కూర గుర్తొస్తుంది, చెరువున్నవాళ్ళకి చేప పిల్ల గుర్తొస్తుంది. ఈసారి ఎక్కువమంది అడిగింది ఒకటే, చేప పిల్ల తియ్యడం, రొయ్యలు, పీతలు పెంచడం ఎక్కడ నేర్పుతారు అని. అన్నిటికీ రాయలేను గానీ ఓ ఆరు తీసుకున్నాను.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది రాజాం దగ్గర. బీఎస్సీ జువాలజీ చేశాను, రెండేళ్ళు కోచింగులంటూ తిరిగి ఇంటికొచ్చేశాను. ఊరి చివర మాకు ఎకరన్నర చెరువుంది, మడ్డువలస కాలవ నీళ్ళొస్తాయి. నాన్న ఏటా బయట నుంచి పిల్ల కొని వేస్తాడు, సగం చచ్చిపోతాది. మనమే హేచరీ పెట్టుకుని పిల్ల తీస్తే ఈ బాధ ఉండదు కదా. ట్రైనింగ్ ఎక్కడ, ఎన్నాళ్ళు? యూట్యూబ్‌లో చూస్తే ఒక్క రోజులో వచ్చేసేటట్టుంది.

జవాబు: తమ్ముడూ, యూట్యూబ్ చెప్పింది పూర్తి అబద్ధం కాదు. చేప చేత గుడ్డు పెట్టించే ఇంజక్షన్ వెయ్యడం ఒక పూటలో వచ్చేస్తుంది. ఏ చేపకి వెయ్యాలో తెలుసుకోవడమే అసలు పని, అది చేపని చేత్తో పట్టుకుంటే తప్ప రాదు, చేప చేతికి రావాలంటే నువ్వు వెళ్ళే నెల సరైంది అయ్యుండాలి. నేనొకసారి డిసెంబర్లో ఒక ట్రైనింగ్‌కి వెళ్ళాను, ఐదు రోజులూ స్లైడ్లే, భోజనం మాత్రం బాగుంది, ఆఖరి రోజు ఖాళీ తొట్లు చూపించి ఇదిగో ఇక్కడే గుడ్లు పెడతాయి అన్నారు, సర్టిఫికెట్ చేతికిచ్చారు, బస్సెక్కి వచ్చేశాం. చలికాలంలో బొచ్చె గానీ శీలావతి గానీ ఎర్రమోసు గానీ గుడ్డు పెట్టవు మరి, వాళ్ళు మాత్రం ఏం చూపిస్తారు, వెళ్ళే ముందు అడక్కపోవడం నా తెలివితక్కువ. వాన పడి, ఏట్లో కొత్త నీరొచ్చి, జూన్ చివర నుంచి ఆగస్టు దాకా అదీ వాటి కాలం. ఒకప్పుడు వరద వచ్చినప్పుడు నదిలో వలలు కట్టి పట్టుకున్నదే పిల్ల, అందులో ఏ జాతి ఎంతుందో పెరిగేదాకా తెలిసేది కాదు. మన పక్కనే ఒడిశా అంగుల్‌లో 1957 జూలై 10న అలీకున్హి, హీరాలాల్ చౌధురి గార్లు చేప తలలోని పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి కార్పు చేపల (శీలావతి, బొచ్చె కుటుంబం) చేత గుడ్డు పెట్టించి చూపించారు, ఇప్పుడు ఆ తారీఖునే జాతీయ చేప రైతుల దినం అని చేస్తున్నారు. అది జనవరిలో పడకుండా జూలైలో ఎందుకు పడిందో జువాలజీ చదివినోడివి, నీకు చెప్పక్కర్లేదు.

ఇక ఎక్కడ అంటావా. కాకినాడలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ వాళ్ళ సెంటర్ ఉంది, బలభద్రపురంలో వాళ్ళకి మంచినీళ్ళ చేపల ఫారం కూడా ఉంది. కాకినాడలోనే రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కూడా ఉంది, సిఫ్ట్ అంటారు. ఇటు పక్క భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో సీఫా, దేశం మొత్తానికి మంచినీటి చేపల పెంపకం మీద పెద్ద సంస్థ అదే, ఆమదాలవలసలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం దాటేసరికి భువనేశ్వర్‌లో దిగుతావు, నిజానికి మనకి కాకినాడ కంటే అదేం పెద్ద దూరం కాదు. ఎన్ని రోజులు, ఫీజు ఎంత అన్నది బ్యాచ్‌ని బట్టి మారుతుంది, ఫోన్ చేసి కనుక్కో. కనుక్కున్నప్పుడు "ఆ తారీఖుల్లో బ్రీడింగ్ జరుగుతుందా, మా చేత చేయిస్తారా" అని మాత్రం అడగడం మర్చిపోకు. అవునంటే వెళ్ళు, లేదంటే వచ్చే జూలై దాకా ఆగు. ముందు మీ ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికో, మండలంలో ఫిషరీస్ అసిస్టెంట్ దగ్గరికో వెళ్ళి పేరు ఇచ్చుకుంటే పిలుపు వచ్చినప్పుడు చెప్తారు.

వెళ్ళాక ఏం చూడాలో చెప్తాను. మగ చేప రొమ్ము రెక్క లోపలి వైపు వేలితో రుద్దు, గరుగ్గా తగులుతుంది, ఆడదానికి నున్నగా ఉంటుంది. మగదాని పొట్ట కింద మెల్లగా నొక్కితే పాలలాంటిది కారాలి. ఆడదాని పొట్ట రెండు వైపులా సమంగా ఉబ్బి మెత్తగా ఉండాలి, గుడ్డు వచ్చే ద్వారం కాస్త ఎర్రగా పొంగి ఉండాలి. పొట్ట లావుగా ఉందని తిండి ఎక్కువ తిన్న చేపకి ఇంజక్షన్ వేసేవాళ్ళని నేను చూశాను, నేనూ వేశాను. రెడీమేడ్ హార్మోన్ మందు శీలావతి ఆడదానికి కేజీకి 0.3 నుంచి 0.4 మిల్లీలీటర్లు, బొచ్చెకి కాస్త ఎక్కువ, మగవాటికి అందులో సగమో ఇంకా తక్కువో. సాయంత్రం ఆరింటికి వేస్తే అర్ధరాత్రి దాటేసరికి తొట్టిలో చప్పుడు మొదలవుతుంది, ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు మర్చిపోడు. బాగా పడ్డ గుడ్డు నీళ్ళు పీల్చి ఉబ్బి ఉడికిన సగ్గుబియ్యంలా గాజులా కనిపిస్తుంది, చెడ్డ గుడ్డు పచ్చి సగ్గుబియ్యంలా తెల్లగా ఉండిపోతుంది. నా మొదటి ఏడాది రాత్రి రెండింటికి కరెంటు పోయింది, జనరేటర్‌లో డీజిల్ ఉందనుకున్నాను, లేదు. గుండ్రటి తొట్టిలో నీరు తిరక్కపోతే గుడ్లన్నీ అడుక్కి చేరి ఒకదాని మీద ఒకటి పడతాయి, పొద్దున్నకి తొట్టి నిండా పచ్చి సగ్గుబియ్యమే. ఏ ట్రైనింగ్‌లోనూ డీజిల్ గురించి చెప్పలేదు నాకు.

ఇదంతా చెప్పి ఇప్పుడు నీకు హేచరీ వద్దు అంటాను, కోప్పడకు. ఆడ శీలావతి ఒంట్లో కేజీకి 2 లక్షల పైనే గుడ్లు ఉంటాయి. నీ ఎకరన్నరకి కావల్సింది మహా అయితే 4 వేల వేలెడు పిల్ల. అంటే రెండు కేజీల చేప ఒక్కటి గుడ్డు పెట్టినా నీకది ఎక్కువే, దానికోసం హేచరీ ఎందుకు కట్టడం? నీ చెరువులో పిల్ల చస్తున్నది హేచరీ లేక కాదు, చిన్న పిల్లని కాస్త పెంచే నర్సరీ చెరువు లేక. చెరువులో ఒక మూల 20 సెంట్లు గట్టు వేసి విడదియ్యి. ఎండగట్టు, ఎండదు అంటే ఇప్పచెక్క పిండి వెయ్యి, మీటరు లోతుకి ఎకరానికి టన్ను లెక్క, చిల్లర చేపలన్నీ పోతాయి, మూడు వారాలు ఆగితే విషం విరిగి అదే ఎరువవుతుంది. పేడ వేసి నీళ్ళు పచ్చబారాక, స్పాన్ (గుడ్డు పగిలి వచ్చిన చిట్టి పిల్ల) వదిలే ముందు రోజు నూనె, సబ్బు కలిపిన నీళ్ళు పైన చల్లాలి. వెల్లకిలా ఈదే పురుగులుంటాయి చూడు, అవి గాలి కోసం పైకొచ్చి ఆ నూనె పొరకి చస్తాయి, లేకపోతే రాత్రికి రాత్రి నీ స్పాన్‌ని పీల్చేస్తాయి. గుడ్డు పగిలాక మూడు రోజుల పిల్ల, నూలుపోగు ముక్కలా ఉంటుంది, అది 2 లక్షలు తెచ్చి వదులు. తవుడు, వేరుశనగ చెక్క మెత్తగా పొడి చేసి సమానంగా కలిపి వెయ్యి. మొదటిసారి 30 శాతం బతికినా పదిహేను ఇరవై రోజులకి 60 వేలు అంగుళం పిల్ల చేతికొస్తుంది, నీకు ఉంచుకోగా మిగిలింది చుట్టుపక్కల చెరువులకి అమ్ముకో. రెండు వానాకాలాలు అలా చేశాక అప్పుడు హేచరీ గురించి మాట్లాడదాం, అప్పుడు సీఫా వాళ్ళ ఫైబర్ హేచరీ ఉంది, పెరట్లో పెట్టుకోవచ్చు, విడతకి 10 లక్షల స్పాన్ తీసేది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఇలాంటివాటికి 40 శాతం, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి 60 శాతం సబ్సిడీ లెక్క. అది వస్తుంది కదాని ముందే అప్పు చేసి కట్టకు.

అన్నట్టు కొనుక్కొచ్చిన పిల్ల ప్లాస్టిక్ సంచిని మీ నాన్న గట్టు మీదే కోసి చెరువులో గుమ్మరిస్తున్నారేమో చూడు. సంచి అలాగే నీళ్ళ మీద పావుగంట ఇరవై నిమిషాలు తేలనిచ్చి, మూతి విప్పి కొంచెం కొంచెం చెరువు నీళ్ళు కలిపి, పిల్ల తనంతట తాను బయటికి ఈదేలా వదలాలి.

ప్రశ్న: మాది సంతబొమ్మాళి మండలం. మా ఆయన గుజరాత్ వేరావల్‌లో బోటు మీద ఉంటాడు, ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. ఇక్కడ మేం డ్వాక్రా ఆడోళ్ళం పదిమందిమి. మా ఉప్పుటేర్లో మండపీతలు పడతాయి, మెత్తటి పీతయితే యాపారి సగం రేటు కూడా ఇవ్వడు. అవి ఉంచి గట్టిపడ్డాక అమ్మొచ్చంట కదా. ఏటి చెయ్యాలి, ఎవులు నేర్పుతారు?

జవాబు: అమ్మా, మీరు అడిగింది ఈ ఉత్తరాలన్నిట్లోకీ తొందరగా డబ్బు తిరిగొచ్చే పని. పీత గుల్ల వదిలి కొత్త గుల్ల వేసుకున్నప్పుడు లోపల కండ ఉండదు, నీరే ఉంటుంది, అందుకే యాపారి దాన్ని పక్కన పడేస్తాడు. దాన్ని మూడు నాలుగు వారాలు ఉంచి తిండి పెడితే కండ పడుతుంది, గుల్ల గట్టిపడుతుంది, అదే పీత అదే యాపారికి రెట్టింపు కంటే పైన పలకొచ్చు. కాలి మొదట్లో పొట్ట వైపు బొటనవేలితో నొక్కి చూడండి, లోపలికి దిగిందంటే ఇంకా ఉంచాలి, రాయిలా ఉంటే అమ్మేయాలి. ఈ నొక్కుడు మీకు నేను చెప్పాలా, పీతలు పట్టే ఇంట్లో పుట్టినవాళ్ళు.

కష్టమల్లా అవి ఒకదాన్నొకటి తినెయ్యడమే. గట్టి పీత మెత్తటి పీతని చూసిందంటే వదలదు. అందుకని ఒక్కోదాన్ని ఒక్కో గదిలో, ప్లాస్టిక్ డబ్బాలు గానీ వెదురు తడికెలతో గళ్ళు కట్టిన పెట్టెలు గానీ ఏట్లో తేలేటట్టు కట్టి పెంచుతారు. వెదురు మీ ఊళ్ళోనే అల్లించుకోండి, డబ్బాలు తర్వాత చూద్దురు గాని. రోజూ సాయంత్రం పీత బరువులో వందకి ఐదు నుంచి ఎనిమిది వంతులు చిల్లర చేప ముక్కలు వెయ్యాలి, పొద్దున్నే మిగిలింది తీసెయ్యాలి, తీయకపోతే కుళ్ళి ఆ గదిలో పీత చస్తుంది. పదిమందిలో రోజుకి ఇద్దరు వంతు పెట్టుకోండి, అందరిదీ అనుకున్న పని ఎవరూ చెయ్యరు. వాన బాగా పడి ఏటి నీరు ఉప్పు తగ్గి ఒక్కసారిగా తియ్యగా అయిపోతే పీతలు చస్తాయి కాబట్టి, వంశధారకి వరద అన్నారంటే పెట్టెలు ఖాళీ చేసి అమ్మెయ్యండి, ఆ వారం ఎక్కువ ఆశ పడొద్దు. కడుపు కింద గుడ్లు అంటుకున్న ఆడ పీత పడితే తిరిగి వదిలెయ్యండి.

నేర్పేవాళ్ళంటే, సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా వాళ్ళకి విశాఖలో ఆఫీసుంది, గ్రూపుగా వెళ్ళి కాగితం ఇస్తే మీ ఏటి గట్టు మీదే వచ్చి నేర్పమని అడగొచ్చు, పదిమంది కలిసి అడగడమే మీ బలం. వాళ్ళ రాజీవ్ గాంధీ ఆక్వా కేంద్రానికి తమిళనాడులో సీర్కాళి దగ్గర తొడువాయిలో మండపీత పిల్లలు తీసే హేచరీ ఉంది. కానీ చిన్న పిల్ల తెచ్చి పెంచి పెద్ద చెయ్యడం నెలల పని, చెరువు కావాలి, చుట్టూ వల కావాలి. మీరు ఇప్పుడు దాని జోలికి పోకండి, మెత్తటి పీతతోనే మొదలుపెట్టండి, మొదటిసారి ముప్పై పీతలు చాలు. ఇంకోటి, అమ్మేదీ కొనేదీ ఆ ఒక్క యాపారి దగ్గరే అయితే ఈ కష్టం అంతా అతని జేబులోకే పోతుంది. మద్రాసు పంపే ఇంకో ఇద్దరు యాపారుల రేట్లు ముందు కనుక్కోండి.

ప్రశ్న: గజపతినగరం నుంచి. మా బాబు పది పాసయ్యాడు. చేపల చదువు ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. పది తర్వాత రెండేళ్ళ ఫిషరీస్ డిప్లొమా, పాలిటెక్నిక్‌లో. ఇంటర్ బైపీసీ చదివితే నాలుగేళ్ళ చేపల డిగ్రీ బీఎఫ్ఎస్సీ, ఈఏపీసెట్ రాసి వెళ్ళాలి, నెల్లూరు జిల్లా ముత్తుకూరులో కాలేజీ ఉంది. బాబుకి చదువు మీద మనసుంటే రెండోది చదివించండి. నీళ్ళలో దిగడం ఇష్టమైతే మొదటిది. రెండూ లేకుండా ఉద్యోగం వస్తుందన్న ఒక్క ఆశతో చేర్పిస్తే మాత్రం వాడు మిమ్మల్ని జీవితాంతం అంటాడు.

ప్రశ్న: చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉంటాను, రిటైరయ్యాను. ముత్యాల పెంపకం నేర్పుతాం, ఆల్చిప్పలు మేమే ఇస్తాం, ముత్యాలు మేమే కొంటాం అని ఒకాయన వచ్చి లక్షన్నర కట్టమంటున్నాడు. రెండు రోజుల ట్రైనింగ్ అంట. కట్టమంటారా?

జవాబు: మాస్టారూ, కట్టకండి. ముత్యాల పెంపకం అబద్ధం కాదు, సీఫాలో దాని మీద చాలా ఏళ్ళుగా పని చేశారు, నేర్పుతారు కూడా. కానీ అందులో ఆల్చిప్పకి ఆపరేషన్ చెయ్యాలి. మూత రెండు చిప్పలూ సెంటీమీటరు కంటే ఎక్కువ తెరవకుండా మెల్లగా విప్పి, లోపల పొరకీ చిప్పకీ మధ్య అచ్చు పెట్టాలి, లేదా పొరలోనే ఇంకో ఆల్చిప్ప పొర నుంచి కోసిన చిన్న ముక్క దూర్చాలి. చెయ్యి వణికిందా, ఆల్చిప్ప చచ్చింది. బతికినవాటిని కొన్నాళ్ళు మందు నీళ్ళలో చూసుకుని, తర్వాత నైలాన్ సంచుల్లో చెరువులో వేలాడదీసి ఏడాది, ఏడాదిన్నర ఆగాలి, అన్నీ మంచి ముత్యం ఇవ్వవు. మా ఊరి వైపు ఒకరు ఇలాగే డబ్బు కట్టారు, రెండు వందల ఆల్చిప్పలు ఇచ్చారు, అవి మా చెరువులో దొరికే రకమే, నెలకి సగం నోళ్ళు తెరిచేశాయి, కొంటామన్న మనిషి ఫోన్ ఎత్తడం మానేశాడు.

మీకు సరదా ఉంటే మీ ఊరి చెరువులో యాభై ఆల్చిప్పలు ఏరించి, సంచిలో వేలాడదీసి, ఏ ఆపరేషనూ లేకుండా మూడు నెలలు బతికించి చూడండి. అవి బతికితే అప్పుడు భువనేశ్వర్ వెళ్ళండి, సీఫా వాళ్ళు నాలుగైదు రోజుల్లో చేత్తో చేయించి నేర్పుతారు. కొంటాం అన్న కాగితం ఎవరిచ్చినా, గతంలో ఎవరి దగ్గర కొన్నారో ముగ్గురి చెరువులు చూపించమనండి. ఆ మాటకే మాయమైపోతారు చాలామంది.

ప్రశ్న: నేను అమ్మాయిని, పూసపాటిరేగ. డిగ్రీ అయింది. భోగాపురం బీచ్ రోడ్లో రొయ్యల హేచరీలున్నాయి కదా, ట్రైనీగా తీసుకుంటారంట. జీతం తక్కువ. వెళ్ళొచ్చా? సొంతంగా నేర్చుకుని చిన్న హేచరీ పెట్టొచ్చా?

జవాబు: వెళ్ళమ్మా. ఆరు నెలలు హేచరీలో ఉంటే వచ్చేది ఏ తరగతి గదిలోనూ రాదు. జీతం కంటే ముందు రాత్రి డ్యూటీ ఉంటుందా, రూమ్ ఇస్తారా, ఇంకా ఆడపిల్లలు ఎంతమంది చేస్తున్నారు అని కనుక్కో, అమ్మనో నాన్ననో తీసుకెళ్ళి చూపించి చేరు.

లోపల చేరాక ఒకే గదిలో ఉండిపోకు. నాచు పెంచే గదిలో ఒక నెల, ఆర్టీమియా (రొయ్య పిల్లకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పొదిగే చోట కొన్నాళ్ళు, లార్వా (పిల్ల తొలి రూపం) ట్యాంకుల దగ్గర మిగతాది. అక్కడ గ్లాసు బీకరులో నీళ్ళు ముంచి లైటుకి ఎదురుగా పట్టుకుని చూడ్డమే చదువు. గుడ్డు లోంచి వచ్చిన నాప్లియస్ వెలుగు వైపు ఎగబడుతుంది, ఎగబడకుండా అడుగున పడుంటే ఆ బ్యాచ్ మీద ఆశ వదులుకోవచ్చు. తర్వాతి దశ జోయియా వచ్చేసరికి వెనక పొడుగ్గా దారంలా మలం వేలాడాలి, దారం ఉందంటే నాచు బాగా తింటున్నట్టు, తెగిపోయి ఖాళీగా ఉందంటే ఆ పూటే ఏదో చెయ్యాలి. దాని తర్వాతి దశ మైసిస్, తల కిందికి పెట్టి వెనక్కి వెనక్కి గెంతుతుంది, చూస్తే నవ్వొస్తుంది. పోస్ట్ లార్వా అయ్యాక ముందుకు ఈదుతుంది, అప్పుడే దాన్ని రొయ్య పిల్ల అంటారు. ఇది ప్రతి దశలో నీ కళ్ళకి అలవాటయ్యిందంటే, రేపు రైతు తరపున సీడు చూసి తీసుకునే పని కూడా చెయ్యగలవు, అది మంచి పని, మన జిల్లాల్లో అలా చూసిపెట్టేవాళ్ళు తక్కువ.

సొంత హేచరీ మాట మాత్రం ఇప్పుడొద్దు. ఇప్పుడు హేచరీల్లో ఎక్కువగా ఉండే వనామీ రొయ్యని మన దేశంలో 2009లో అనుమతించారు, తల్లి రొయ్యలు ఎక్కువగా విదేశాల నుంచే వస్తాయి, వచ్చినవి ముందు చెన్నై నీలాంకరైలో క్వారంటైన్‌లో ఉండి పరీక్షలయ్యాకే హేచరీకి వస్తాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ లేకుండా చెయ్యకూడదు. చిన్నగా పెట్టే పని కాదది. చిన్నగా చెయ్యాలనుంటే నీలకంఠ రొయ్య గురించి చదువు, అది మంచినీళ్ళలో పెరిగేదే అయినా దాని లార్వాకి 12 పీపీటీ (వెయ్యికి 12 వంతుల ఉప్పున్న) నీళ్ళు కావాలి, అందుకే తల్లి రొయ్య ఏటి నుంచి సముద్రపు మొగ దాకా నడిచి వస్తుంది. నెల పైన పడుతుంది పిల్ల అవ్వడానికి, పదకొండు దశలు, ఓపిక కావాలి. ఉప్పు నీళ్ళు మీ ఇంటి వెనకే ఉన్నాయి కదా.

ప్రశ్న: టెక్కలి. మా నర్సరీ చెరువులో పిల్లని పక్షులు తినేస్తున్నాయి. తేలినీలాపురం పక్షులే అంటున్నారు. మందు పెట్టొచ్చా?

జవాబు: మందు పెట్టకండి, తేలినీలాపురం పెలికాన్లకి (గూడబాతులకి) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, కేసవుతుంది. పైగా తేలినీలాపురం వాళ్ళు తమ చింతచెట్ల మీద గూళ్ళు కట్టిన పక్షిని ఇంటి ఆడపిల్లలా చూసుకుంటారు, వాళ్ళతో గొడవ అసలు వద్దు. మీ నర్సరీలో అంగుళం పిల్లని తినేది చాలావరకు నీటికాకీ, తెల్ల కొంగానే. పావు ఎకరం నర్సరీకి గట్టు నుంచి గట్టుకి మూరకి ఒకటి చొప్పున నైలాన్ దారాలు లాగి కట్టండి, పక్షి దిగడానికి రెక్కలు చాచలేక పక్కకి పోతుంది. దారానికి అక్కడక్కడా పాత క్యాసెట్ టేపు ముక్కలు కట్టండి, గాలికి గరగరమంటాయి. పిల్ల పెద్దయ్యి పెద్ద చెరువుకి మార్చాక దారాలు విప్పి దాచుకోండి, మళ్ళీ జూలైలో పనికొస్తాయి.